తరిణెమీద కొయ్యకలము
(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



నిన్నటి దినమున ఈ వేదికమీదనుండి విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహనిధిని గూర్చియు పెద్దలు చెప్పిన మాటలు వింటిమి. వారి తరువాత కొయ్యకలములను గూర్చి మాటలాడుటకు నేను నిలుచుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కార్యదర్శిగారు నన్నాహ్వానించినప్పుడు "అరగంట చాలునా?" అని యడిగిరి. "చాలును, కాని మాటకు ముందుగా కలములను సభలో త్రిప్పనిండు" అంటిని. ఇప్పుడవి మీ వరుసలలో తిరుగుచున్నవి. చూచినవారు ప్రక్కవారి కందింపవలసినదిగా ప్రార్థన. మొత్తము పండ్రెండు కలములు. కడపటి వరుస చేరునప్పటికిని అవి పండ్రెండుగానే యుండవలెను. (నవ్వులు)

ముందుగా పేరును గూర్చి ఒక్కమాట. ఆంగ్లేయులు లేతు అనెడి సాధనమునకు మన భాషలో తరిణె యని చక్కని పేరు కలదు. కొన్ని సీమలలో తరిమెన యందురు. నున్నగా గుండ్రముగా దిద్దినట్లున్న వస్తువును చూచి "తరిణె పట్టినట్లున్నది" అనుట మన పెద్దల వాడుక. మంచపుకోడు, కవ్వము, అప్పడాలకఱ్ఱ, కుంకుమభరిణె, పసిపిల్లల గిలక, బొంగరము, ఇవన్నియు తరిణెబిడ్డలే. మన ఇండ్లలో తరిణె తాకని కొయ్యసామాను ఒకప్పుడు అరుదు. నేడు ఆ మాట మిగిలినది గాని వస్తువు కంటికి కనబడుటయే అరుదైనది.

మా తాతగారి తరిణెను నేను బాల్యమున చూచితిని. రెండు దృఢమైన కొయ్యగుంజలు. వానినుండి ఎదురెదురుగా పొడుచుకొనివచ్చిన రెండు ఇనుపమొనలు. ఆ మొనల నడుమ కొయ్యముక్క. ముక్కకు త్రాటిని చుట్టి, దాని రెండు కొనలను మా నాయనమ్మ పట్టుకొని, ఒకమారు కుడిచేతను ఒకమారు ఎడమచేతను లాగుచుండెడిది. కొయ్య ముందునకు తిరిగినప్పుడు మాత్రమే ఉలి కోయును. వెనుకకు తిరిగినప్పుడు తాతగారు ఉలి నొక వెండ్రుకవాసి ఎత్తెడివారు. ఇద్దరి ఊపిరి ఒక్కటైననే గాని పని నడువదు. ఆ మంచపుకోళ్లు ఫలానా వడ్రంగివారివని ఊరివారు ఇప్పటికిని చెప్పుకొందురు. త్రాడు లాగిన వారెవ్వరో ఎవ్వరును చెప్పరు. ఆ తరిణె గుంజలు కాలక్రమమున వంటచెరకైనవి. ఇనుపమొనలు రెండు మాత్రము నా యొద్ద నున్నవి.

నా జీవనము బ్యాంకు ఉద్యోగముతో గడచినది. ముప్పదియైదేండ్లు ఇతరుల ధనమును లెక్కపెట్టితిని. ఉద్యోగవిరమణకు కొలది సంవత్సరములకు ముందే తీరికవేళల నీ వ్యాసంగము నారంభించితిని. నేడు తరిణెకు త్రాడు లాగువారు అక్కరలేదు. బల్లమీద నిలుచునంతటి చిన్నది, విద్యుచ్ఛక్తితో ఒకే దిశగా తిరుగునది, మంచి సెల్‌ఫోనునకు పెట్టు ధనముతో దొరకుచున్నది. ఉలి ఎత్తి దించు శ్రమ తగ్గినది. అపాయము హెచ్చినది, దానిని గూర్చి పిమ్మట చెప్పెదను.

చేతిపనిని వినోదముగా చేయుట మనకు క్రొత్తగా తోచవచ్చును. మనలో చేతిపని యన్నది పొట్టకూటి కొరకు చేయునది. దానినుండి తప్పించుకొని కుర్చీ నెక్కుటయే అభివృద్ధి యని మన పిల్లలకు నేర్పితిమి. కాని రష్యా చక్రవర్తియైన మహా పీటరు తన రాజధానిలో తరిణెశాల పెట్టించుకొని, నార్తోవ్ అనెడి నిపుణుని చేరదీసి, స్వహస్తములతో తరిణె పట్టెడివాడు. ఫ్రెంచి సన్న్యాసియగు ప్లూమియే 1701వ సంవత్సరముననే తరిణెపనిని గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. లండనులో హోల్ట్‌జాఫెల్ వంశమువారు ప్రభువుల వినోదము కొరకు అత్యంత సూక్ష్మమైన తరిణెలను చేసి అమ్మెడివారు. 1843 మొదలుగా ఆ విద్యను గూర్చి సంపుటములను వెలువరించిరి. అమెరికాలో 1986వ సంవత్సరమున తరిణెపనివారి సంఘ మొకటి ఏర్పడినది. అందు దీనితో జీవించువారును, వైద్యులు, అధ్యాపకులు మొదలగు తీరికపనివారును కలసియుందురు. కొయ్యకలము ఇటీవలి కాలమున ఆ దేశములలోని తీరికపనివారికి మిక్కిలి ప్రియమైనది. కారణము సులభము. కొయ్య చారెడు చాలును. ఒక సాయంకాలమున పని ముగియును. ముగిసినది జేబులో నిలుచును.

ఇక పనిలోనికి వత్తము. ముప్పాతిక అంగుళము చదరమును, ఐదంగుళముల పొడవును గల కొయ్యముక్క కావలెను. దానిని నడుమ రెండుగా కోయవలెను. కోయుటకు ముందే ఒక ప్రక్కన పెన్సిలుతో పొడుగునా గీత గీయవలెను. ఆ గీత లేకున్న తుదకు రెండు ముక్కలును కలసినప్పుడు పైదాని రేఖ క్రిందిదానితో కలియదు. ఒకరి తలను మరియొకరి మొండెముపై పెట్టినట్లుండును. తరువాత ఒక్కొక్క ముక్కకు నట్టనడుమ నిలువునా 7 మిల్లీమీటర్ల రంధ్రము తొలువవలెను. ఇందు తొందర పనికిరాదు. బరమా మెల్లగా తిరుగవలెను. ప్రతి అరంగుళమునకు వెలికి తీసి పొట్టును దులుపవలెను. దులుపకున్న పొట్టు లోపల బిగిసి వేడెక్కి కొయ్య పగులును. బరమా అడుగు చీల్చుకొని వెలువడు చోట కూడ ముక్క పగులుట కలదు. కావున ముక్కను కావలసినదానికంటె కొంత పొడవుగా నుంచి, రంధ్రము అవతలికి పొడుచుటకు ముందే ఆపి, మిగిలిన కొనను రంపముతో కోసివేయుట తెలివి.

ఆ రంధ్రములో ఇత్తడి గొట్టమును జిగురుతో దిగవేయవలెను. గొట్టము నున్నగా నున్నచో జిగురు పట్టదు. గరుకు కాగితముతో రుద్ది దాని మెరుపును పోగొట్టవలెను. జిగురు ఆరిన పిమ్మట కొయ్య మొగమును ఇత్తడి అంచుతో సమముగా చదును చేయవలెను. ఇది చూచుటకు అల్పమైన పని. కాని మొగము వంకరైనచో కలము ముగిసినప్పుడు కొయ్యకును లోహపుకట్టుకును నడుమ గోరు పట్టునంత సందు నిలిచిపోవును. కొన్నవారు చూడకపోవచ్చును. చేసినవానికి ఆ సందు తప్ప మరేమియు కనబడదు.

అటుపిమ్మట ఆ రెండు ముక్కలను ఒక సన్నని ఉక్కుకడ్డీకి గ్రుచ్చి, వాని అంచులలో కొలతకొరకు చిన్న ఉక్కుబిళ్లలను పెట్టి, తరిణెకు బిగింపవలెను. ఆ బిళ్లల మట్టమునకు కొయ్యను దించుటయే మన పని. చదరపు కొయ్య తిరుగుచుండగా గుంట ఉలిని తాకించినప్పుడు మొదట టకటక యని మూలలు తగులు చప్పుడు వినబడును. మూలలు పోయి గుండ్రమైన క్షణమున ఆ చప్పుడు ఆగి సన్నని సుయ్యను ధ్వని పుట్టును. కన్ను మూసికొన్నను పని ఎందాక వచ్చినదో చెవికి తెలియును. తరువాత ఏటవాలు మొన గల ఉలితో నున్నన చేయవలెను. పదునుగల ఉలి క్రింద కొయ్య పొడిగా రాలదు. ఉల్లిపొరవంటి పొడవైన పొరగా లేచి చేతిమీద పడును. పొడి రాలుచున్నదన్న ఉలి మొద్దువారినదని యర్థము. ఉలికి పదును పెట్టుట తెలియనివానికి ఎంత విలువగల తరిణె యున్నను నిరుపయోగము. ఈ విషయమున మన కమ్మరి సోదరులయొద్ద ఒక మాసము కూర్చున్న యెడల ఏ పుస్తకమును అక్కరలేదు.

గరుకు కాగితము 150 సంఖ్యనుండి మొదలిడి 220, 320, 400, 600 వరకు క్రమముగా పోవలెను. ఒక మెట్టును దాటవేయరాదు. ఒక్కొక్క మెట్టు ముగియగానే తరిణెను ఆపి కొయ్యరేఖ వెంబడి పొడుగునా రుద్దిన, గుండ్రని గీతలు మాయమగును. ఈ చివరి మాట ఎవ్వరును చెప్పరు గాని మంచి కలమునకును సామాన్యపు కలమునకును ఇదియే భేదము.

పైపూత విషయమున నా పక్షపాతము లక్కవైపు. స్పిరిటులో కరగించిన లక్కను గుడ్డతో అద్ది తిరుగుచున్న కొయ్యపై నొక్కినప్పుడు రాపిడి వేడికి అది పట్టి మెరయును. ఈనాటి తీరికపనివారు పలువురు క్షణములో అతుకు జిగురునే పొరలుపొరలుగా పూసి అద్దమువలె చేయుదురు. అది గట్టిది, చెమటకు లొంగదు, ఒప్పుకొందును. కాని పట్టుకొన్నప్పుడు కొయ్యను పట్టినట్లుండదు, సీసాను పట్టినట్లుండును. లక్కకును లోపము కలదు. స్పిరిటు దానిని కరగించును. 2020వ సంవత్సరమున అందరును చేతులకు క్రిమినాశక ద్రవమును పూసికొన్న దినములలో లక్కపూత కలములు పలువురి చేతులలో మెరుపు పోగొట్టుకొన్నవి. ఎండలో నిలిపిన కారులో వదలినను లక్క మెత్తబడును.

లక్క పేరు వచ్చినది కావున ఏటికొప్పాకను తలపకుండుట తగదు. అనకాపల్లి జిల్లాలో, 2022కు పూర్వము విశాఖపట్టణము జిల్లాలో, వరాహనదీతీరమున నున్న ఈ గ్రామమువారు అంకుడు కొయ్యను తరిణె పట్టి లక్క ఎక్కింతురు. వారు లక్కను కరగించి పూయరు. రంగు కలిపిన లక్కకణికను తిరుగుచున్న కొయ్యకు అదిమి పట్టుదురు. రాపిడి వేడికి అది కరగి కొయ్యకు పట్టుకొనును. పైన మొగలియాకుతో రుద్దినప్పుడు నిగ్గు తేరును. పసుపు, నీలి, జాఫరా మొదలగు చెట్లనుండి వచ్చు రంగులను ఆ పనికి మరల పట్టుదలతో నిలిపినవారిలో శ్రీ సి.వి. రాజుగారు ముఖ్యులు, వారికి 2023వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు వచ్చినది. మీ చేతులలో తిరుగుచున్న వానిలో పసుపుపచ్చని కలము అంకుడు కొయ్యది. దానికి ఆ విధముననే లక్కకణికతో రంగెక్కించితిని. ఆ గ్రామపు పనివాని చేతిలో ఒక్క త్రిప్పునకు వచ్చు నిగ్గు నాకు పది త్రిప్పులకు వచ్చినది.

కొయ్యలను గూర్చి మాటలాడ దొరకొన్న నా కరగంట చాలదు. కలమునకు కావలసినది పెద్ద మ్రాను గాదు. కోతమిల్లులో పొయ్యిలోనికి పోవు ముక్కయే చాలును. తుమ్మకొయ్య గట్టిది, ఎఱ్ఱని గోధుమవన్నె గలది, పేదవాని నాగలికొయ్య. తరిణె పట్టినప్పుడు దాని సొగసు చూచి రైతులే గుర్తింపలేకపోయిరి. చింతచేవ ఊదాఛాయ గలది. ఉలిని త్వరగా మొద్దుపరచును. తునికి చెట్టునకు బీడీయాకు తప్ప మరేమియు లేదనుకొందుము. ముసలి తునికిలోని నల్లని చేవ దొరకెనా, అది మన సీమ నల్లచేవమాను. జిట్రేగి అందమునకు రాజు. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మాత్రము కలమునకు రాదు. అది మరీ తేలిక, మరీ మెత్తన. నా కన్నిటికంటె ప్రియమైనది పడగొట్టిన ఇంటి ద్వారబంధపు టేకు. నూరేండ్లు గడపలో నిలిచి ఆరిన కొయ్యకంటె ఆరిన కొయ్య ఎక్కడ దొరకును? దానిలోని మేకులను మాత్రము ముందుగా వెదకి తీయవలెను.

ఆరుట యన్నది ఈ పనిలో ప్రాణప్రశ్న. ఇత్తడి గొట్టము ఎండకు వానకు మారదు. కొయ్య మారును. తడిలో ఉబ్బును, పొడిలో ముడుచుకొనును. అదియు పొడుగునా గాదు, అడ్డముగా. లోపల కదలని ఇత్తడి, పైన ముడుచుకొనెడి కొయ్య. నడుమ నిలువున పగులు. కాకినాడలో వర్షాకాలమున చేసిన కలము అనంతపురమున వేసవిలో పగులుట కిదియే కారణము. క్రొత్తకొయ్యను చిన్నముక్కలుగా కోసి, కొనలకు మైనము పూసి, నీడలో నెలల తరబడి ఉంచవలెను. కొనలకు మైనమెందుకనగా కొయ్యలోని తేమ కొనలనుండియే వేగముగా పోవును. కొన ముందు ఆరిన, నడుమ ఆరకున్న, కొనలో చీలిక పుట్టును.

ఎఱ్ఱచందనము సంగతి పలువురు నన్నడిగిరి. శేషాచలము కొండలు దాని జన్మస్థానము. అది అడవులలో సహజముగా పెరుగుట ఆ కొండలయందును వాని పరిసరములయందును మాత్రమే. 1995వ సంవత్సరమునుండి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణపు రెండవ పట్టికలో నున్నది. అడవినుండి దానిని కొట్టుట నేరము. ఆ నేరమున పేదలు ప్రాణములు పోగొట్టుకొనిరి, జైళ్లపాలైరి. ఒక కలమునకు సరిపడు ముక్కయైనను రసీదు లేనిదే ముట్టవలదని నా మనవి. "చిన్నముక్కయే కదా, ఎవరికి తెలియును" అని తెచ్చియిచ్చు స్నేహితులుందురు. వారికి కాఫీ యిచ్చి పంపుడు. జిట్రేగి జాతి యంతయు 2017వ సంవత్సరమునుండి అట్టి పట్టికలోనే యున్నది. కావున విదేశములలోని బంధువులకు ఆ కొయ్యతో చేసిన కలమును పంపువారు ముందుగా నియమములను విచారించుకొనవలెను.

సిరాపోయు కలమును కొయ్యతో చేయవచ్చునా యని మరియొక ప్రశ్న. చేయవచ్చును, కాని సిరా తాకు భాగము కొయ్యయైనచో సిరాను త్రాగి ఉబ్బును. మూత బిగియు సన్నని మరలు కొయ్యలో నిలువవు, రాలిపోవును. కావున పాళీ కూర్చుండు మెడభాగమును, మరలను ఎబొనైటుతో చేయుదురు. ఎబొనైటనగా రబ్బరులో గంధకమును విరివిగా కలిపి ఉడికించిన గట్టి పదార్థము; తరిణెమీద కొయ్యవలెనే కోయబడును. ఈ ఎబొనైటుతోనే రాజమహేంద్రవరమున శ్రీ కె.వి. రత్నముగారు 1930వ దశకపు తొలి యేండ్లలో స్వదేశీ కలములను తరిణె పట్టి ఆంధ్రదేశమునకు కీర్తి తెచ్చిరి. కుమరప్పగారి ద్వారా తనకు చేరిన ఆ కలమును వాడి చూచి గాంధీమహాత్ముడు 1935 జూలై 16వ తేదీన వారికి లేఖ వ్రాసెను. ఆ పట్టణమున నేటికిని చేతితరిణెపై కలములు చేయబడుచున్నవి. అటు పోయినవారు ఒక గంట నిలిచి చూడుడు. కొలమానము చేతిలో నున్నను వారు ముందు వ్రేలితో తడిమి తరువాత కొలుచుదురు.

ఇంతవరకు చెప్పినది తెలిసిన సంగతి. ఇక నేనీ వేదిక నెక్కుటకు కారణమైన సంగతి.

మన వసతిగృహమున చదువుకొను ఒక బాలుడు ప్రవేశపత్రములో తండ్రి వృత్తి యెదుట "వ్యాపారము" అని వ్రాసెను. తండ్రి తరిణెపనివాడని నాకు తెలియును. నేనేమియు ననలేదు. గత వేసవిలో వసతిగృహపు వసారాలో నా చిన్న తరిణెను పెట్టి పిల్లలకు చూపితిని. ఇంజనీరింగు చదువు పిల్లలు వంతులవారీగా ఉలి పట్టిరి. అందరును ఉలిని కలమును పట్టినట్లు పట్టిరి. ఆ బాలుడు మాత్రము ఎవ్వరును చెప్పకయే ఉలిపిడిని నడుమునకు ఆనించి, ఎడమ బొటనవ్రేలిని మొనకు వెనుక పెట్టి, కాలు కొంచెము ముందునకు వేసెను. చూచువారందరు "నీ కెట్లు తెలియును?" అనిరి. వాడు ఒక క్షణము నన్ను చూచి, "మా నాయన అట్లే పట్టును" అనెను. ఆ సాయంకాలము వాడు చేసిన కలమును తండ్రికి పంపెను. మరునాడు కార్యాలయమునకు పోయి ప్రవేశపత్రములో వృత్తిని దిద్దుకొనవచ్చునా యని యడిగెనని గుమాస్తాగారు నాతో చెప్పిరి.

వాడు తరిణెపని చేసి బ్రతుకవలెనని నే ననను. చదువుకొనుగాక, ఉద్యోగము చేయుగాక. కాని మన వసతిగృహములలో క్యారం బల్లలున్నవి, దూరదర్శనయంత్రమున్నది. ఉలి యొక్కటియు లేదు. ఏ విద్యచేత మన తాతలు ఊరిలో తలయెత్తుకొని నిలిచిరో ఆ విద్య జాడ మన పిల్లలకు మన ఇంట దొరకకున్న మరెక్కడ దొరకును? నిధినుండి ఒక తరిణెయు, ఆరు ఉలులును, ఒక సానరాయియు కొనిపెట్టుట మీకు భారము గాదు. వారమున కొకనాడు పనివానిని పిలిపించి, అతనికి అధ్యాపకున కిచ్చునట్లే జీతమిచ్చి, బోధింపజేయుడు. కూలి యిచ్చినట్లు గాదు, జీతమిచ్చినట్లు.

ఇందు మరియొక చిక్కు కలదు. దానిని దాచుట ధర్మము గాదు. పింఛను తీసికొనుచు వినోదమునకు కలములు చేయు నావంటివాడు వానిని బజారున పెట్టి కొయ్య ఖర్చు వచ్చిన చాలునని అమ్మినచో, ఆ పనితోనే పిల్లలను పోషించు పనివాని గతి యేమి? అతడు తన దినమును, విద్యుత్తును, పోయిన ఉలిని లెక్కవేసి వెల చెప్పవలెను. నేను లెక్క వేయను. కొనువాడు నా కలమును పట్టుకొని అతనితో బేరమాడును. ఈ సంగతి ఒక ప్రదర్శనశాలలో కన్నులార చూచితిని. కావున నేను కలము అమ్మను. పెండ్లిండ్లకు, గృహప్రవేశములకు, పరీక్ష నెగ్గిన పిల్లలకు ఇత్తును. మా మిత్రు డొకరు దీనికి ఒప్పుకొనరు. వెలలేని వస్తువునకు విలువ లేదని వారి వాదము. వెల పెట్టిననే గాని చేతిపనిని లోకము గౌరవింపదందురు. అందు సత్యము కలదు. అట్లయిన అమ్ముడు, కాని పనివాడు చెప్పు వెలకు తక్కువగా అమ్మవలదు. జీతము గలవానికి ఈ మాత్రము మర్యాద పాటించుట కష్టము గాదు.

పనితో జీవించు సోదరులకు ఒక సమాచారము. కేంద్రప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్చబడినవి. వడ్రంగము, కమ్మరము, స్వర్ణకారము, శిల్పము, బొమ్మలపని వానిలో నున్నవి. పనిముట్లకు 15,000 రూపాయలవరకు సాయమును, మొదట లక్షయు పిమ్మట రెండు లక్షలును అయిదు శాతపు వడ్డీకి ఋణమును అందు నిర్ణయింపబడినవి. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు అది వర్తింపదు. వినోదమునకు చేయువారికిని వర్తింపదు, వర్తింపరాదు. బ్యాంకు పత్రములు నింపుటలో ఎవరికైన ఇబ్బంది కలిగిన, ఆ పనిలో నాకు కొంత అనుభవము కలదు, సాయంకాలమున కలసికొనవచ్చును.

తుదిగా కంచరి, స్వర్ణకార సోదరులతో ఒక మాట. మీ చేతులలోని కలములలో కొయ్య మనది, లక్క మనది. లోపలి ఇత్తడి గొట్టము, మొన, నడిమి కట్టు, జేబుకొక్కెము మాత్రము పొట్లములుగా విదేశములనుండి వచ్చినవి. అంతటి చిన్న ఇత్తడిపని మన కంచరికి రాదా? జేబుకొక్కెముమీద చెక్కడము మన స్వర్ణకారునికి రాదా? కావలసిన దొక్కటే: కొలత. గొట్టము 7 మిల్లీమీటర్లనిన 7 మిల్లీమీటర్లే. పదియవవంతు హెచ్చిన దూరదు, తగ్గిన నిలువదు. నూరు గొట్టములలో నూరును ఒక్కలాగున ఉండవలెను. మరియొక సంగతి, లోపల పెట్టు సిరాకడ్డీ ఏ పట్టణపు పుస్తకాల అంగడిలోనైనను దొరకు పార్కరు నమూనాది కావలెను. కడ్డీ దొరకని కలము ఎంత సొగసైనను మూడు నెలలలో బల్లసొరుగు పాలగును. ఎవరైన ఇద్దరు ముందునకు వచ్చిన యెడల మొదటి నూరు జతలను నేను కొందును. కమ్మరి ఉలి, వడ్రంగి కొయ్య, కంచరి గొట్టము, స్వర్ణకారుని కొక్కెము కలసి ఒక కలమగును. శిల్పి సోదరులు తమ పాలేదని నన్ను నిన్ననే నిలదీసిరి. సానరాయి వారిదే యని చెప్పి తప్పించుకొంటిని. (నవ్వులు, కరతాళధ్వనులు)

భోజనానంతరము రెండు గంటలకు తూర్పు వసారాలో తరిణె నడుపబడును. స్త్రీలును పిల్లలును రావలెను. త్రాడు లాగుటకు గాదు, ఉలి పట్టుటకు. మునుపు చెప్పెదనన్న జాగ్రత్తలు ఇవి. తిరుగు కొయ్యకు గుడ్డ చిక్కినచో అది చేతిని లాగికొనిపోవును గాని వదలదు. పైటకొంగు నడుమున దోపవలెను, పొడుగుచేతుల చొక్కా మడవవలెను, గాజులు, కంకణములు, ఉంగరములు తీసి ఇంటివారి కీయవలెను. జుట్టు ముడివేయవలెను. కంటికి అద్దములు నేనిత్తును. కొయ్యధూళి ఊపిరితిత్తులకు మంచిది గాదు. క్యాన్సరు కలిగించు పదార్థములలో దానిని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థవారు చేర్చియున్నారు. జిట్రేగి ధూళికి కొందరి చర్మము దద్దురులెక్కును. కావున ముక్కునకు కట్టుకొను ముసుగులు కూడ బల్లమీద ఉంచితిని. కొయ్యముక్కలు నలువది యున్నవి. పాత ద్వారబంధపు ముక్క ఇంటినుండి తెచ్చినవారికి మొదటి వంతు.

ఆ పండ్రెండు కలములు ఇప్పుడు ఎవరియొద్ద నున్నవో దయచేసి చేయి ఎత్తుడు.